ఎర్ర చుక్క లేని వానాకాలం

నిన్న మధ్యాహ్నం సర్జాపుర రోడ్డులోని మా ఆఫీసుకి నా పక్క సీటు అమ్మాయి వానలో తడిసి వచ్చింది. స్వెటర్ విప్పి కుర్చీ వీపుకి తగిలించి పనిలో పడిపోయింది. కాసేపటికి తడిసిన ఉన్ని వాసన ఏసీ గాలిలో కలిసి నా దాకా వచ్చింది. టైపు చేస్తున్న వాక్యం సగంలో ఆగిపోయింది. ఆ వాసనలో ఒక పాత గది ఉంది. వానలో కాకపోయినా, పొద్దస్తమానం ఊపిరి తగిలి చెమ్మెక్కిన స్వెటర్లు, శాలువాలు, మెడకు చుట్టుకున్న మఫ్లర్లు ఉన్నాయి. వాటి మధ్య నడుచుకుంటూ వచ్చే ఒక మనిషి ఉంది. ఆమె పేరు మునిరత్నమ్మ. మేమంతా రత్నక్క అనేవాళ్ళం.

అప్పట్లో నేను ఒంగోలు నుంచి బెంగళూరుకి కొత్తగా వచ్చాను. కె.ఆర్.పురం రైల్వే స్టేషనుకి దగ్గర్లో, ఒక గాజు భవనం పై అంతస్తులో ఉద్యోగం. కంపెనీ విదేశాలది. ఏదైనా మందు వేసుకున్నాక ఎవరికైనా ఇబ్బంది కలిగితే, వాళ్ళో వాళ్ళ డాక్టరో రాసి పంపే రిపోర్టులు ఎక్కడెక్కడి దేశాల నుంచో మా దగ్గరికి వచ్చేవి. వాటిని చదివి, ఏం జరిగిందో అర్థం చేసుకుని, పద్ధతి ప్రకారం నమోదు చెయ్యడం మా పని. ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో ఒక ముసలావిడకి దిగుతున్న మెట్లు కిందికి జారిపోతున్నట్టు అనిపించిందట. ఇంకెక్కడో ఒక బడిపంతులుకి కాఫీ రుచి తెలియడం మానేసిందట. వాళ్ళ పేర్లు మాకు కనిపించవు. వయసు, ఒంట్లో బాధ, కొన్ని మాటలు, అంతే. అయినా ఆ కొత్తల్లో వాళ్ళు నా నిద్రలోకి వచ్చేవాళ్ళు. మెట్ల మీద నిలబడి కమ్మీ పట్టుకున్న ఆ ముసలావిడ, ఒక్కోసారి మా అమ్మమ్మ చీర కట్టుకుని కనిపించేది.

ఊళ్ళన్నిటిలోకీ హాయైన గాలి బయట వీస్తుంటే మేము లోపల ఏసీ చలికి వణుకుతూ కూర్చునేవాళ్ళం. చలి ఎంత ఉండాలో ఎవరో ఎక్కడో నిర్ణయించేశారని చెప్పేవారు. కంప్యూటర్ల మీద వెలుగు పడుతుందని కిటికీలకు బూడిదరంగు తెరలు ఎప్పుడూ దించే ఉండేవి. బయట వానో ఎండో తెలిసేది కాదు. పైగా ఒక చుక్క. తెర మీద కుడివైపు మూలన ఉండేది. కీబోర్డు మీదో మౌస్ మీదో చెయ్యి కదులుతున్నంతసేపు పచ్చగా ఉండి, ఆగితే పసుపుకి మారి, ఇంకాసేపు ఆగితే ఎర్రబడేది. ఎవరిది ఎంతసేపు ఎర్రగా ఉందో విదేశంలోని పెద్దాఫీసు వాళ్ళకి కనిపించేది. రిపోర్టు చదవాలంటే కళ్ళకే తప్ప చేతులకు పనుండదు. అంచేత శ్రద్ధగా చదివే మనిషి ఆ చుక్క దృష్టిలో సోమరి. అందరం ఒక ఉపాయం నేర్చుకున్నాం. కళ్ళతో చదువుతూ కుడిచేత్తో మౌస్‌ని ఊరికే గుండ్రంగా తిప్పుతూ ఉండేవాళ్ళం. గది నిండా అదే దృశ్యం. వరసగా కూర్చున్న మనుషులు, నిద్రలో విసనకర్ర తిప్పుతున్నట్టు తిరిగే చేతులు.

రత్నక్క మా టీముకి మేనేజరుగా ఆ గదిలోకి వచ్చింది. పొట్టి మనిషి. చెంపల దగ్గర నెరిసిన జుట్టు, నేత చీర, కాళ్ళకి పరుగుల బూట్లు. పుట్టింది, పెరిగింది కె.ఆర్.పురంలోనే. ఆమె తాతల కాలంలో సరిహద్దు పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డారట. ఆమె మాట్లాడే తెలుగు నాకు మొదట్లో వింతగా ఉండేది, తర్వాత ఎంత తియ్యగా అనిపించిందో చెప్పలేను. వచ్చిన రోజున మీటింగు పెట్టలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. అద్దాల క్యాబిన్‌లో సంచీ పెట్టేసి, మా మధ్య ఖాళీగా ఉన్న సీటులో కూర్చుని, మాలాగే రిపోర్టులు తెరిచి పని మొదలుపెట్టింది. కొన్నాళ్ళు అలాగే చేసింది. ఒక మధ్యాహ్నం నా వైపు తిరిగి అడిగింది.

"కృపా, ఈడ ఇంత చలి ఉండాదే, ఎవురూ అడగలేదా?"

"అడిగామండీ. తగ్గించడం కుదరదన్నారు."

"ఎవురన్నారు?"

"భవనం చూసుకునే నాగరాజ్ గారు."

"అండీ గిండీ ఒద్దమ్మా. అక్కా అను, చాలు," అని ఆమె నవ్వి లేచింది.

మర్నాడు నాగరాజ్‌ని కాఫీకి పిలిచింది. చలిగాలి నేరుగా మెడ మీద పడే సీటొకటి ఉండేది మా గదిలో. ఆయన్ని అందులో కూర్చోబెట్టింది. కాఫీ ఇచ్చింది. పిల్లల చదువుల గురించి, కె.ఆర్.పురం సంత గురించి, మెట్రో పనుల దుమ్ము గురించి కన్నడంలో కబుర్లు మొదలుపెట్టింది. ఏసీ మాటే ఎత్తలేదు. ఆయన మొదట కాలరు సర్దుకున్నాడు. తర్వాత చేతులు ముడుచుకున్నాడు. చివరికి కుర్చీ పక్కకు జరుపుకోబోతే ఆమె అమాయకంగా అడిగింది. "యాకె సార్, చళి ఆగ్తాయిదా?" చలేస్తోందా అని. నాగరాజ్ ఆమె మొహం చూశాడు, మా స్వెటర్లు చూశాడు, పకపకా నవ్వేశాడు. ఆ సాయంత్రానికి గాలి తగ్గింది. అంత చిన్న సంగతి. మర్నాడు స్వెటర్ లేకుండా కూర్చుంటే నా భుజాలు ఎంతకాలంగా బిగుసుకుని ఉన్నాయో అప్పుడు తెలిసింది. ఆ రోజు నేను చదివిన ప్రతి రిపోర్టూ ఒక్కసారికే అర్థమైంది.

మౌస్ తిప్పే ఉపాయం ఆమె కంట పడటానికి ఎక్కువ కాలం పట్టలేదు. నా వెనక నిలబడి కాసేపు చూసింది. ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"చెయ్యి నొప్పి రాదా నీకు?"

"వస్తుందక్కా. రాత్రిళ్ళు లాగుతుంది."

"చదివేది సగం, తిప్పేది సగం. ఆ సగం చదువులో ఏం తప్పిపోతా ఉండాదో ఎవురికి తెలుసు?" అని తనలో తనే అనుకున్నట్టు అని, తెర మీది రిపోర్టు వైపు వేలు చూపించింది. "ఆడ ఒక మనిషి ఉండాడమ్మా. మనతో మాట్లాడతా ఉండాడు."

వరంగల్ నుంచి వచ్చిన శైలజ మా టీములోనే ఉండేది. కాన్పు తర్వాత పనిలోకి తిరిగి వచ్చింది. ఇంట్లో చంటిబిడ్డ. మధ్యలో లేచి వెళ్ళి పాలు పిండుకోవాలి. దానికి చోటు లేదు. మెట్ల పక్కన సామాన్ల గదిలోకి వెళ్ళి, తలుపుకి వీపు ఆనించి నిలబడి ఆ పని కానిచ్చుకుని వచ్చేది. తిరిగి వచ్చేసరికి చుక్క ఎర్రగా ఉండేది. ఒకరోజు రత్నక్క ఆమెకు ఎదురుపడి, కళ్ళు తడిగా ఉండటం చూసి నిలదీసింది.

"నాకు చేతనైతలేదక్కా," అంది శైలజ. "బిడ్డ దిక్కు చూడాల్నా, చుక్క దిక్కు చూడాల్నా?"

రత్నక్క తన క్యాబిన్‌కి వెళ్ళి అద్దాలకు లోపలి నుంచి దళసరి కాగితాలు అతికించింది. తన సంచీ, నీళ్ళ సీసా, కుటుంబం ఫోటో తెచ్చుకుని మా మధ్యనున్న సీటులో పెట్టుకుంది. క్యాబిన్ తాళంచెవి శైలజ చేతిలో పెట్టి, "ఈ గది నీది. ఎవురన్నా అడిగితే నన్ను అడగమను," అంది. మేనేజరు క్యాబిన్ వదులుకోవడం ఆ భవనంలో ఎవరూ కని విని ఎరుగరు. వేరే అంతస్తుల నుంచి పని కల్పించుకుని వచ్చి చూసి వెళ్ళినవాళ్ళున్నారు.

క్యాబిన్ లేదు కాబట్టే పెద్దాఫీసుతో ఆమె ఫోన్లన్నీ మా మధ్యనే, స్పీకరు మీద జరిగేవి. వానాకాలం మొదట్లో వచ్చిన ఒక ఫోను అలాగే మేమంతా విన్నాం. అవతల ఉన్నాయన గొంతు మెత్తగా, మర్యాదగా ఉంది. మీ టీములో కొందరి చుక్కలు ఎప్పుడూ ఎర్రగానే ఉంటున్నాయి, ముఖ్యంగా ఒకామెది, ఆమెను తీసేసి ఇంకొకరిని పెట్టుకోవడం మంచిదని ఇంగ్లీషులో నెమ్మదిగా చెబుతున్నాడు. శైలజ తన సీటులోనే ఉంది. తల ఎత్తలేదు. గదిలో మౌస్‌లు తిప్పే చేతులన్నీ ఆగిపోయాయి.

రత్నక్క కూడా అంతే మర్యాదగా జవాబు చెప్పింది. శైలజ చేసిన రిపోర్టులు తప్పులున్నాయని తిరిగి రావడం చాలా తక్కువ, పచ్చగా వెలిగేవాళ్ళవే ఎక్కువగా తిరిగి వస్తున్నాయి, మీరే చూడండి అంది. అప్పుడే ఇంకొకటి అడిగింది. ఈ వానాకాలం అయ్యేదాకా మా టీముకి ఆ చుక్క తీసేయండి. పని తగ్గితే ఆమెను పంపక్కర్లేదు, నేనే వెళ్ళిపోతాను.

ఆ మాట ఆమె ఎంత మామూలుగా అన్నదంటే, అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. ఫోను పెట్టేసి నీళ్ళు తాగి, మమ్మల్ని చూసి, "ఏమప్పా, అందరూ బొమ్మల మాదిరి కూర్చున్నారు? పనులు లేవా?" అంది.

కొన్నాళ్ళకు ఒక సోమవారం పొద్దున కంప్యూటర్లు తెరిస్తే చుక్క లేదు. అది ఉండే చోట తెర ఖాళీగా, కొత్తగా కడిగిన గోడలా ఉంది. రత్నక్క కిటికీల దగ్గరికి నడిచి, బూడిదరంగు తెరలను ఒక్కొక్కటే పైకి లాగింది. ఎన్నాళ్ళో కదలని తెరలేమో, దుమ్ము రాలింది. ఆ దుమ్ము వెనక నుంచి మబ్బు పట్టిన వెలుగు గదిలోకి వచ్చి అందరి మొహాల మీదా పరుచుకుంది. కింద రైలు పట్టాలు, దూరంగా తీగల వంతెన, దాని మీద మెల్లగా కదులుతున్న బస్సులు, వాటన్నిటి మీదా సన్నని జల్లు. నేను చదవాల్సిన రిపోర్టు తెర మీద ఎదురుచూస్తూనే ఉంది, నా చెయ్యి మాత్రం ఒడిలో ఊరికే ఉంది. అలా ఉంచుకోవచ్చునన్న సంగతి చేతికి ఇంకా నమ్మకం కుదరనట్టు వేళ్ళు అప్పుడప్పుడు ఉలిక్కిపడేవి.

ఆ వానాకాలం గుర్తు చేసుకుంటే ఇప్పటికీ నీళ్ళలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. మధ్యాహ్నాలు గది చాలా నిశ్శబ్దంగా ఉండేది. చెన్నై వైపు పోయే రైళ్ళు వానలో చప్పుడు లేకుండా జారిపోయేవి. నేను ఒక రిపోర్టు చదివి, కిటికీలోంచి ఆ రైలును చివరి పెట్టె దాకా చూసి, మళ్ళీ చదివేదాన్ని. రెండోసారి చదివినప్పుడు మొదట కనబడనిది కనబడేది. నిద్ర పట్టడం లేదని రాసిన మనిషి, రెండు వాక్యాల తర్వాత, మందు వేళ మార్చుకున్నానని కూడా రాసి ఉండేవాడు. ఎక్కడో ఉన్న ఆ మనిషి కిటికీ అవతల వానలో నిలబడి, ఇది కూడా రాసుకోమ్మా అంటున్నట్టు ఉండేది. అంతమంది బాధలు చదువుతున్నా ఆ రోజుల్లో నాకు అలసట అనిపించలేదు. ఎవరి బాధనైనా పూర్తిగా వింటే అలసట రాదేమో. సగం విని తరిమేస్తేనే అది మనతో పాటు ఇంటికి వస్తుందేమో.

అయితే మొదట్లో పని తగ్గింది. ఆ మాట దాచకూడదు. వేగం అలవాటైన చేతులు నెమ్మదించాయి. వారం వారం పెద్దాఫీసుకి వెళ్ళే లెక్కల గ్రాఫులో మా టీము గీత కిందికి దిగుతూ వచ్చింది. మాకు భయం పట్టుకుంది. రత్నక్క వెళ్ళిపోవాల్సి వస్తుందని ఒకరితో ఒకరం గుసగుసలాడుకున్నాం. ఎవరు ముందు మొదలుపెట్టారో గుర్తులేదు, భోజనానికి లేవడం మానేశాం. డబ్బాలు మూత తియ్యకుండా పక్కన పెట్టుకుని పని చేస్తూ కూర్చునేవాళ్ళం. ఆమె కిందికి వెళ్ళినప్పుడే అలా చేసేవాళ్ళం. ఒకరోజు ఆమె మధ్యలో తిరిగి వచ్చింది.

గుమ్మంలో నిలబడి మమ్మల్నందరినీ చూసింది. ఆమెకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"ఏమమ్మా ఇది? ఊట చెయ్యకుండా ఏం చేస్తా ఉండారు?" భోజనానికి ఆమె వాడే కన్నడ మాట ఊట.

శైలజే అంది. "నీ కోసమే అక్కా. నువ్వు పోతే మేమెట్ల?"

రత్నక్క దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. కోపం అప్పటికే పోయింది. "నన్ను కాపాడేదానికి మీరు అన్నం మానేస్తే, గెలిచినా అది ఓడినట్లే గదా. వాళ్ళకి నేనేం చెప్పినాను? మనుషులు మనుషుల మాదిరి బతుకుతా పని చేస్తే పని బాగుంటాదని చెప్పినాను. అది నిజమైతే దానంతట అదే కనిపిస్తాది. నిజం కాకపోతే నేను పోవాల్సిందే. మీరు అబద్ధం కలపొద్దప్పా." ఆ రోజు మమ్మల్నందరినీ కిందికి తీసుకెళ్ళింది. మా డబ్బాలన్నీ తెరిచి అందరివీ అందరికీ పంచింది. నా గోంగూర పచ్చడి ఆమెకు కళ్ళనీళ్ళు తెప్పించింది.

మార్పు ఎప్పుడు మొదలైందో ఎవరూ గమనించలేదు. తప్పులున్నాయని తిరిగి వచ్చే రిపోర్టులు తగ్గాయి. మళ్ళీ చెయ్యాల్సిన పని తగ్గేసరికి కొత్త పనికి సమయం దొరికింది. ఊరికే సెలవు పెట్టేవాళ్ళు తగ్గారు. నా చేతి నొప్పి ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. వాన వెనకబట్టి, ఆకాశం నీలంగా తేలేనాటికి మా గీత మునుపటి కంటే పైకి పోయింది. పెద్దాఫీసాయన ఫోను చేసి నిజమైన సంతోషంతోనే మెచ్చుకున్నాడు. చుక్క ఇక మా టీముకి ఉండదన్నాడు. శైలజ సంగతి ఎత్తనే లేదు. మేం చప్పట్లు కొట్టబోతుంటే ఆయన ఇంకో మాట అన్నాడు. ఇంత బాగా చేస్తున్నారు కనుక వచ్చే నెల నుంచి ఒక్కొక్కరికి మరికొంత పని పెంచుదామని.

రత్నక్క చాలాసేపు వాదించింది. వాళ్ళకు దొరికిన తీరికలోంచే ఈ పని వచ్చింది, ఆ తీరికను మీరు వెనక్కి తీసుకుంటున్నారు అంది. ఆయన శ్రద్ధగా విన్నాడు. కొంత తగ్గించాడు, అయినా పెంచాడు. ఫోను పెట్టేశాక ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. అటు తిరిగి ఉన్న ఆమె భుజాలు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఆ తర్వాత మరికొంత కాలం ఆమె మాతో ఉంది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు. బెంగళూరు శివారు బొమ్మసంద్రలో మాత్రలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పనివాళ్ళ బాగోగులు చూసే ఉద్యోగం వస్తే వెళ్ళింది. నేను కూడా వేరే కంపెనీకి మారాను. మారేముందు ఒకరోజు ఆమెను చూడటానికి బొమ్మసంద్ర వెళ్ళాను. తలకు టోపీ, మూతికి గుడ్డ కట్టించి నన్ను లోపలికి తీసుకెళ్ళింది. తెల్లటి మాత్రలు పట్టీ మీద ఏరులా పారుతున్నాయి. ఇరుపక్కలా ఆడవాళ్ళు ఎత్తైన స్టూళ్ళ మీద కూర్చుని, పగిలినవి ఏరుతున్నారు.

"నేను వచ్చేనాటికి అందరూ నిలబడే చేస్తా ఉండ్రి," అంది రత్నక్క. "కూర్చుంటే నిద్ర వస్తాదంట. ఎవురికన్నా వచ్చిందా అని అడిగితే ఎవురూ కూర్చుని చూడలేదు."

బయట చెట్టు కింద టీ తాగుతూ నా మనసులో ఉన్నది అడిగేశాను. "అక్కా, ఆ రోజు ఫోనులో నేనే వెళ్ళిపోతానన్నావు. నీకు భయం వెయ్యలేదా?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "వెయ్యకేం! ఇంటి లోను ఉండాది, అత్తకు ఒంట్లో బాలేదు. మాట్లాడినంతసేపూ టేబులు కింద ఒక చేత్తో ఇంకో చేతిని గట్టిగా పట్టుకునే ఉన్నాను. వణుకు మీకు కనపడకూడదని."

"మాకేమీ తెలియలేదక్కా."

"తెలిస్తే మీరు ఇంకా భయపడతారు గదా," అని టీ గ్లాసు కింద పెట్టింది. "భయం పోయినాక మాట్లాడదామనుకుంటే ఎప్పటికీ మాట్లాడలేం కృపా. అది పోదు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే మాట్లాడాల."

అన్నేళ్ళూ ఆమెను నేను భయం తెలియని మనిషి అనుకున్నాను. అలా అనుకున్నంతకాలం ఆమె నాకు అందని ఎత్తులో ఉండేది. ఆ చెట్టు కింద, ఫ్యాక్టరీ సైరను మోగుతుండగా, ఆమె మొదటిసారి నా పక్కకు వచ్చి కూర్చున్నట్టయింది.

ఇప్పుడు నాకూ ఒక టీము ఉంది. కిందటి నెల మా డైరెక్టరు ఒక కొత్త ప్రోగ్రాము గురించి చెప్పాడు. ఉద్యోగుల మొహాలను కంప్యూటరు కెమెరాతో గమనించి, వాళ్ళు పని మీద ధ్యాస పెడుతున్నారో లేదో చెబుతుందట. ముందుగా మీ టీములో పెట్టి చూద్దాం అన్నాడు. పెద్ద బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఈ ఉద్యోగం మీదే నడిచే సంసారం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

"మా టీములో వద్దండి," అన్నాను. గొంతు సన్నగా, నాది కానట్టు వచ్చింది. అందరూ నా వైపు తిరిగారు. ఎందుకు వద్దో చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఒకచోట మాట తడబడింది, మళ్ళీ అందుకున్నాను. డైరెక్టరు ఒప్పుకోలేదు, కాదనలేదు. ఆలోచిద్దాం అని మరో విషయంలోకి వెళ్ళాడు. ఏమవుతుందో నాకు ఇంకా తెలియదు. మీటింగు అయ్యాక అందరూ వెళ్ళిపోయినా నేను లేవలేకపోయాను. కిందికి చూసుకుంటే, బల్ల కింద నా ఎడమచెయ్యి కుడిచేతిని గట్టిగా పట్టుకుని ఉంది.